బాబా యగా గుడిసె దాకా నాయికను పంపే ముందు: నవలాకారుల అపోహలు, వాస్తవాలు

తూర్పు యూరప్ ప్రజలైన స్లావ్‌ల ప్రాచీన గాథలకు ఇవాళ్టి స్త్రీ చైతన్యాన్ని జోడించి రాసే నవలల చిత్తుప్రతుల్లో కొన్ని తప్పులు మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. శైలి బాగానే ఉంటుంది, కథా సాగుతుంది. తీరా చూస్తే కథంతా ఇంటర్నెట్‌లో ఎవరో అల్లిన దేవతల పట్టిక మీద నిలబడి ఉంటుంది.

అపోహ: మన అష్టాదశ పురాణాల్లా వాళ్లకీ గ్రంథాలున్నాయి, అందులోంచి ఒక దేవతను ఎంచుకుంటే సరి.

వాస్తవం: లేవు. క్రైస్తవం రాకముందు స్లావ్‌లు తమ దేవుళ్ల గురించి తామే రాసుకున్న పుస్తకం ఒక్కటీ మిగల్లేదు. మిగిలినవి మఠాల్లో రాసిన చరిత్రలు, చర్చి మందలింపులు, శతాబ్దాల తర్వాత పల్లెల్లో సేకరించిన కథలు. కీవ్ రాజు వ్లదీమిర్ 980లో కొండ మీద నిలిపిన విగ్రహాల పేర్లు 12వ శతాబ్దపు చరిత్రలో ఉన్నాయి: పెరూన్, ఖోర్స్, దజ్‌బోగ్, స్త్రీబోగ్, సిమార్గ్ల్, మోకోష్. వీరిలో స్త్రీ మోకోష్ ఒక్కతే. పెరూన్‌కి వెండి తల, బంగారు మీసం అని వర్ణించిన ఆ రచన మోకోష్ గురించి పేరు తప్ప ఇంకేమీ చెప్పలేదు.

ప్రేమదేవతగా అందరూ వాడే 'లాదా' 15వ శతాబ్దపు పోలిష్ చర్చి రాతలకు ముందు ఎక్కడా కనిపించదు. పాటల్లోని పల్లవి మాటనే దేవత అనుకున్నారని చాలామంది పండితుల అభిప్రాయం. ప్రాచీన స్లావ్ గ్రంథంగా చెలామణి అయ్యే 'వేలెస్ గ్రంథం' అయితే 20వ శతాబ్దంలో పుట్టించిన దొంగ పుస్తకం. నవలలో లాదా ఉండకూడదని కాదు. ముందుమాటలో ఆమెను వేల ఏళ్ల నాటి దేవతని చేయకండి, అంతే. నోట్‌బుక్‌లో మూడు గడులు గీసుకోండి: సంగతి ఏమిటి, ఎవరు ఎప్పుడు రాశారు, ఏ ప్రాంతానిది. రెండో గడి నిండకపోతే అది మీ కల్పన కిందే లెక్క.

అపోహ: మోకోష్ అంటే భూమాత.

వాస్తవం: ఆమె జాడ ఎక్కువగా దొరికేది నూలు దగ్గర. క్రైస్తవం వచ్చాక ఆ చోటులోకి సెయింట్ పరస్కేవా వచ్చిందంటారు. శుక్రవారం నూలు వడికితే ఆమెకు కోపం వస్తుందని పల్లెల్లో నమ్మేవారు. శుక్రవారం కొన్ని పనులు కూడవన్న మాట తెలుగు ఇళ్లకు కొత్తేమీ కాదు గానీ, ఆ పోలిక చూసి మోకోష్‌ని లక్ష్మీదేవిని చేసేయకండి. కీవ్‌లో దొరికిన ఒక చిన్న రాతి బిళ్ల మీద 'పొత్వోరాది' అని చెక్కి ఉంది. తకిలి తిరగడానికి బరువుగా తొడిగే బిళ్ల అది, దాని సొంతదారు పొత్వోరా అనే స్త్రీ. నాయిక చేతికి కత్తి ఇవ్వాలన్న తొందరలో ఇలాంటి వస్తువుల్ని రచయితలు చూడరు.

అపోహ: రష్యన్ జానపద కథానాయిక వసిలీసాకు బొమ్మ సాయం తీసేస్తేనే ఆమె బలమైన స్త్రీ అవుతుంది.

వాస్తవం: తీసేస్తే కథే కూలిపోతుంది. 19వ శతాబ్దంలో రష్యన్ జానపద కథలు సేకరించిన అఫనాస్యెవ్ పుస్తకంలోని కథలో చనిపోతున్న తల్లి కూతురికి బొమ్మ ఇచ్చి, కష్టం వస్తే దీనికి ఇంత తిండి పెట్టి సలహా అడుగు అంటుంది. సవతి తల్లి ఇంట్లో ఆ పిల్ల తను తినకుండా మంచి ముద్ద దాచి బొమ్మకు పెడుతుంది. నిప్పు తెమ్మని ఇంట్లోవాళ్లు పంపితే అడవి మంత్రగత్తె బాబా యగా దగ్గరికి వెళ్తుంది. అక్కడ గోధుమల్లో నల్ల కలుపు గింజలు ఏరడం, గసగసాల్లో మట్టి తీయడం బొమ్మ చూసుకుంటుంది, వంట మాత్రం వసిలీసాదే. ఇక ఆమె తెలివంతా ప్రశ్నల్లో ఉంది. బయట కనిపించిన ముగ్గురు గుర్రపు రౌతుల గురించి అడుగుతుంది, ఇంట్లో ప్రత్యక్షమైన మూడు జతల చేతుల గురించి నోరెత్తదు. ఇంటి గుట్టు అడిగేవాళ్లను బాబా యగా తినేస్తుంది. అనవసరంగా నోరు జారని ఆ ఒక్క నిమిషానికి ఒక అధ్యాయం ఇవ్వండి.

చాలా నవలలు బాబా యగా ఇచ్చి పంపిన నిప్పుకళ్ల కపాలం సవతి తల్లినీ ఆమె కూతుళ్లనూ కాల్చేయడంతో ముగుస్తాయి. మూలకథ అక్కడ ఆగదు. వసిలీసా కపాలాన్ని పాతిపెట్టి, ఇంటికి తాళం వేసి, పట్నం వెళ్లి ఒక ముసలమ్మ ఇంట్లో ఉంటుంది. అవిసె నార వడికి, దారంలా సూదిలోకి ఎక్కించేంత సన్నటి బట్ట నేస్తుంది. ఎవరూ కుట్టలేని ఆ బట్టతో రాజుకు 12 చొక్కాలు కుడుతుంది. పెళ్లి వద్దనుకుంటే రాజును తీసేయండి, చొక్కాలు మాత్రం ఉంచండి.

అపోహ: ఆ కాలంలో స్త్రీలదే రాజ్యం.

వాస్తవం: రూస్ (కీవ్ కేంద్రంగా ఉన్న నాటి రాజ్యం) ధర్మశాస్త్రంలో బానిస కాని పురుషుణ్ణి చంపితే జరిమానా 40 గ్రివ్నాలు (అప్పటి డబ్బు లెక్క), స్త్రీని చంపితే 20. అదే సమాజంలో నొవ్‌గొరొద్ నగరంలో దొరికిన భూర్జపత్ర లేఖల్లో 752వది ఒక స్త్రీది: మూడుసార్లు కబురంపాను, ఎందుకు రాలేదు అని ప్రియుణ్ణి నిలదీస్తుంది. ఈ రెండూ ఒకే అధ్యాయంలో పట్టాలి.

రష్యన్ వీరగాథల్లో నస్తాస్యా అనే వీరవనిత దొబ్రీన్యా అనే వీరుణ్ణి జుట్టు పట్టి ఎత్తి తన సంచిలో వేసుకుంటుంది. ఇద్దరి బరువు మోయలేనని గుర్రం గోల పెడితే అప్పుడు బయటికి తీసి, నచ్చాడని పెళ్లాడుతుంది. మరో గాథలో అదే నస్తాస్యా భర్త కోసం ఏళ్ల తరబడి ఇంట్లో ఎదురుచూసే ఇల్లాలు. ఈ రెండు గాథల మధ్య ఏం జరిగిందో ఎవరూ చెప్పలేదు, నవలకు చోటు అక్కడుంది.

అపోహ: రుసాల్కా అంటే మత్స్యకన్య.

వాస్తవం: పల్లె నమ్మకాల్లో ఆమెకు చేప తోక లేదు. నీట మునిగి చనిపోయిన పిల్ల, విరబోసుకున్న జుట్టు. ఈస్టర్ తర్వాత ఏడు వారాలకు వచ్చే ట్రినిటీ పండుగ వారంలో చెట్లెక్కుతుంది, రై అనే ధాన్యపు చేలల్లో తిరుగుతుంది.

అపోహ: రష్యన్ కథల్లోని మాంత్రికుడు కొషేయ్ ప్రాణం గుడ్డులోని సూదిలో ఉంటుంది, ఏ కథలోనైనా అంతే.

వాస్తవం: ఏడు సముద్రాల అవతల చిలకలో ప్రాణం దాచిన మాంత్రికుడి కథ తెలిసిన మనకు గుడ్డు వెంటనే నచ్చేస్తుంది. కానీ మర్యా మొరేవ్నా అనే వీరరాణి కథలో గుడ్డే లేదు. గుర్రం కొషేయ్‌ని డెక్కతో తన్నితే, ఆమె భర్త ఇవాన్ గదతో ముగించి శవాన్ని కాల్చేస్తాడు.

చివరి ప్రతిలో వెతికి తీసేయాల్సిన మాటలు: బంగాళాదుంప, టీ, సమోవార్ (టీకి నీళ్లు కాచే పాత్ర). 10వ శతాబ్దపు రూస్ వంటింట్లో ఇవేవీ లేవు. టర్నిప్, రై రొట్టె, గంజి, క్వాస్ అనే పులిసిన పానీయం ఉండేవి. వసిలీసా బొమ్మను ఒకదాంట్లో ఒకటి ఇమిడే మత్ర్యోష్కాగా వర్ణించకండి, అది 1890లలో పుట్టింది.