మూడో రౌండులో కాళ్లెందుకు పట్టేస్తాయి?

అశోక్‌నగర్‌లో గది తీసుకుని కానిస్టేబుల్ ఉద్యోగానికి తయారవుతున్న ఒక పాఠకుడి ప్రశ్న ఇది: "మొదటి రౌండు గాల్లో తేలినట్టు పోతుంది సార్. రెండో రౌండు సగం దాకా కూడా బాగానే ఉంటుంది. మూడో రౌండుకొచ్చేసరికి కాళ్లు రాళ్లయిపోతాయి. 1600 మీటర్లు ఎన్నిసార్లు కొట్టినా ఏడున్నర దగ్గరే ఆగుతోంది. స్టామినాకి ఏం తినాలి?"

తిండి సంగతి తర్వాత చూద్దాం. ముందు "సగం దాకా" అన్న మాట పట్టుకోవాలి. కాళ్లు పట్టేసేది మూడో రౌండులోనే అయినా, దానికి కారణం మొదటి రౌండులోనే పడింది. ఎక్కడ పడిందో మీటర్లలో లెక్క కట్టి చూపించవచ్చు.

2022 నాటి తెలంగాణ పోలీసు నోటిఫికేషన్‌లో మగవాళ్లకు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో, ఆడవాళ్లకు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో పూర్తి చేయాలని పెట్టారు. 7:15 అంటే 435 సెకన్లు. 400 మీటర్ల ట్రాక్ మీద రౌండుకు దాదాపు 1:49, సెకనుకు 3.68 మీటర్లు. ఈ వేగం మరీ ఎక్కువేమీ కాదు. ఇందులో ఇబ్బంది పెట్టేది వేరే సంగతి.

హైదరాబాదులో అద్దెకున్న ఎవరికైనా నల్లా, నేలకింద నీళ్లు నిల్వ ఉంచే సంపు తెలుసు. నల్లాలో నీళ్లు ఒక ధారగా వస్తాయి. ఇంట్లో వాడకం ఆ ధారకన్నా తక్కువైతే ఇబ్బందే లేదు, సంపు నిండుగానే ఉంటుంది. పెళ్లివాళ్లు దిగి వాడకం పెరిగితే, పెరిగినంతా సంపులోంచి పోతుంది. అలా ఎంతసేపు నడుస్తుందన్నది రెండింటి మీదే ఆధారపడుతుంది: నల్లాలో వచ్చేదెంత, సంపులో ఉన్నదెంత.

పరిగెత్తే శరీరంలోనూ ఇదే లెక్క. ఊపిరితిత్తులు, గుండె, రక్తం, కండర కణాల్లో శక్తి తయారుచేసే మైటోకాండ్రియా కలిసి ఆక్సిజన్‌తో ఎడతెగకుండా అందించే శక్తి నల్లా. దానితో నిలకడగా పరిగెత్తగల అత్యధిక వేగాన్ని క్రిటికల్ స్పీడ్ అంటారు. మనం నిలకడ వేగం అనుకుందాం. అంతకన్నా వేగంగా పోతే తేడా అంతా సంపులోంచి తీయాలి. ఈ సంపును లీటర్లలో కాకుండా మీటర్లలో కొలుస్తారు, అదే దీని అందం. నీ సంపులో 160 మీటర్లున్నాయంటే, నిలకడ వేగంతో వెళ్లినవాడికన్నా 160 మీటర్లు ముందుకు పోగలవు. అక్కడితో సరి. ప్రపంచ రికార్డుల్లో దూరం పెరిగేకొద్దీ వేగం ఎలా పడిపోతుందో గీత గీసి 1925లో బ్రిటిష్ శరీరశాస్త్రవేత్త ఏ.వి. హిల్ చూపించాడు. అలసటకు ఇలా రెండు అంకెల లెక్క ఉందని 1965లో ఫ్రెంచి శాస్త్రవేత్తలు మోనో, షెరర్ కండరాల మీద కొలిచి చెప్పారు.

నీ రెండు అంకెలు తెలుసుకోవడానికి ల్యాబు అక్కర్లేదు. స్టాప్‌వాచ్, కొలిచిన ట్రాక్ ఉంటే చాలు. ఒకరోజు 1200 మీటర్లు ఉన్న శక్తంతా పెట్టి పరిగెత్తు. కనీసం రెండు రోజులు ఆగి, అదే వేళకు 2400 మీటర్లు పరిగెత్తు. 1200కు 5:20, అంటే 320 సెకన్లు, 2400కు 11:30, అంటే 690 సెకన్లు పట్టాయనుకుందాం. ఎక్కువైన 1200 మీటర్లకు ఎక్కువైన సమయం 370 సెకన్లు. భాగిస్తే 3.24 మీటర్లు వస్తుంది. సెకనుకు 3.24 మీటర్లు, రౌండుకు 2:03, ఇదీ నిలకడ వేగం. ఆ వేగంతో 320 సెకన్లలో 1038 మీటర్లు వెళ్తాం. కానీ మనవాడు వెళ్లింది 1200. తేడా 162 మీటర్లు. అదీ సంపు.

ఇప్పుడు 1600 లెక్క కడదాం. 1600లో 162 తీసేసి, మిగతాది 3.24తో భాగిస్తే సుమారు 443 సెకన్లు, అంటే 7:23. ఈ కుర్రాడు ఇవాళ ఎంత పట్టుదలగా పరిగెత్తినా 8 సెకన్లు వెనకే. ఏ గురువూ ఇంత కచ్చితంగా చెప్పలేడు. "ఇంకా కష్టపడు" అనడం కన్నా "నీకు 8 సెకన్లు తక్కువ" అనడమే ఆ కుర్రాడికి మర్యాద.

సరే, ఆ కుర్రాడు విజిల్ వినగానే అందరితోపాటు ఉరికాడనుకుందాం. మొదటి రౌండు 88 సెకన్లు. ఆ 88 సెకన్లలో నల్లా ఇచ్చింది 285 మీటర్లు. మిగతా 115 సంపులోవి. ఒక్క రౌండుకే 162లో 115 ఖాళీ అయ్యాయి, మిగిలింది 47. రెండో రౌండు కాస్త తగ్గించి 100 సెకన్ల చొప్పున పోతే సెకనుకు ముప్పావు మీటరు సంపులోంచి పోతుంది. 47 మీటర్లు 62 సెకన్లలో అయిపోతాయి. అంటే రెండో రౌండులో దాదాపు 250 మీటర్ల దగ్గర, మొత్తం మీద 650 దగ్గర సంపు అడుగంటింది. ఇంకా 950 మీటర్లున్నాయి. "రెండో రౌండు సగం దాకా బాగానే ఉంటుంది" అన్న మాటకు అర్థం ఇదే.

లెక్కలు బాగా వచ్చినవాళ్లు ఇక్కడ ఒక మాట అడగాలి. సంపు ముందు ఖాళీ చేస్తేనేం, చివర చేస్తేనేం? సంపు అయిపోయాక నిలకడ వేగంతో పోయినా మొత్తం అవే 443 సెకన్లు కదా? కాగితం మీద నిజమే. ఒంట్లో మాత్రం అలా జరగదు. సంపు అడుక్కి చేరితే మోటారు నీళ్లతోపాటు బురద కూడా లాగుతుంది. ఆ బురద ఏమిటో చూద్దాం.

కండరం నేరుగా వాడుకోగల ఇంధనం ఏటీపీ ఒక్కటే. నిల్వ ఉన్నది రెండు మూడు సెకన్లకు సరిపోతుంది, కాబట్టి ఎప్పటికప్పుడు తయారవుతూ ఉండాలి. మైటోకాండ్రియాలో ఒక గ్లూకోజ్ అణువు పూర్తిగా మండితే సుమారు 30 ఏటీపీలు వస్తాయి. అది నల్లా. సంపులో ఉన్నవి రెండు: ఒకటి ఖర్చైన ఏటీపీని చిటికెలో తిరిగి నింపే ఫాస్ఫోక్రియాటిన్, రెండోది కండరంలో నిల్వ ఉన్న చక్కెర అయిన గ్లైకోజెన్‌ను ఆక్సిజన్ కోసం ఆగకుండా సగంలో విరగ్గొట్టే గ్లైకోలిసిస్. ఈ రెండోది గ్లూకోజ్ యూనిట్‌కు మూడే ఏటీపీలు ఇస్తుంది, కానీ చాలా త్వరగా ఇస్తుంది. ఫాస్ఫోక్రియాటిన్ విరిగితే ఫాస్ఫేట్ పోగుపడుతుంది. అది కండర తంతువుల పట్టును సడలిస్తుంది, సంకోచానికి సైగ చేసే కాల్షియాన్నీ అడ్డుకుంటుంది. హైడ్రోజన్ అయాన్లు పెరిగి కండరంలో ఆమ్లత్వం ఎక్కువవుతుంది. అలసిన తంతువులు పక్కకు తప్పుకుంటే, వాటి స్థానంలో ఆక్సిజన్ ఎక్కువ తాగే వేగపు తంతువులు రావాలి. దాంతో అదే వేగానికి అంతకుముందుకన్నా ఎక్కువ ఆక్సిజన్ కావాల్సి వస్తుంది. అడుగు పొట్టిదవుతుంది, భుజాలు పైకి లేస్తాయి, నడుము వెనక్కి పోతుంది. నిలకడ వేగం అనుకున్న 3.24 కూడా అప్పుడు నిలవదు. 2:03కు రావాల్సిన రౌండు 2:10 దాటుతుంది. తొందరపాటుకు పడే జరిమానా ఇదే.

ఇక్కడ లాక్టిక్ యాసిడ్ గురించి ఒక మాట చెప్పక తప్పదు. బడి పుస్తకాల్లో "ఆక్సిజన్ అందక లాక్టిక్ యాసిడ్ పేరుకుని నొప్పి వస్తుంది" అని ఒక వాక్యం ఉంటుంది, పాఠం అక్కడితో అయిపోతుంది. 1907లో బ్రిటిష్ శాస్త్రవేత్తలు ఫ్లెచర్, హాప్‌కిన్స్ కప్ప కండరాల మీద చేసిన పనికి అది నీడ. లాక్టేట్ (లాక్టిక్ యాసిడ్ ఒంట్లో ఉండే రూపం) ఆక్సిజన్ ఉన్నప్పుడూ తయారవుతుంది. గుండె, నిదానపు కండర తంతువులు దాన్ని ఇంధనంగా మండిస్తాయి. పరుగు ఆపిన గంట సేపట్లో అది మామూలు స్థాయికి వచ్చేస్తుంది. రేపు, ఎల్లుండి మెట్లు దిగేటప్పుడు తొడలు నొప్పెడితే ఆ నొప్పి లాక్టేట్‌ది కాదు. అలవాటు లేని బరువుకు తంతువుల్లో పడ్డ సన్నని చీలికలది. "లాక్టిక్ యాసిడ్ పోగొట్టే" నూనెలకు, మాలీషులకు డబ్బులు తగలేయొద్దు.

తిండి ప్రశ్న కూడా ఇక్కడే తేలిపోతుంది. 65 కిలోల మనిషి 1600 మీటర్లు పరిగెత్తడానికి ఖర్చయ్యేది దాదాపు 105 కేలరీలు, అంటే ఒక అరటిపండు. కండరాల్లో గ్లైకోజెన్ వందల గ్రాములుంటుంది. కాబట్టి పరుగుకు ముందు గుప్పెడు గ్లూకోజ్ పొడి నోట్లో వేసుకుంటే దాహం, వికారం తప్ప ఒరిగేదేమీ లేదు. రెండు మూడు గంటల ముందు ఇడ్లీలో, అరటిపండో చాలు. నొప్పి తెలియకుండా మాత్రలు వేసుకుని పరిగెత్తేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయొద్దు. ఒంట్లో నీరు తగ్గినప్పుడు చాలా నొప్పి మాత్రలు కిడ్నీల మీద పడతాయి. పరుగులో ఛాతీలో నొప్పి వచ్చినా, కళ్లు తిరిగినా వెంటనే ఆగాలి.

మన కుర్రాడికి కావాల్సింది 8 సెకన్లు. సంపు పెద్దది చేయాలంటే 162ను 189 చేయాలి, అది కష్టం. నల్లా పెంచాలంటే 3.24ను 3.31 చేస్తే చాలు. రెండు శాతం! అంత చిన్న పెంపు ఎనిమిది, పది వారాల్లో సాధించదగినదే. 1967లో శాస్త్రవేత్త జాన్ హాలోజీ ఎలుకలను వారాల తరబడి ట్రెడ్‌మిల్ మీద పరిగెత్తించి చూస్తే, కాలి కండరాల్లో మైటోకాండ్రియా ఎంజైములు దాదాపు రెట్టింపయ్యాయి. ఆ ప్రోటీన్లు ఒక వారంలో సగం కరిగిపోయి కొత్తవి వస్తుంటాయి. అందుకే ఫలితం కనబడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అందుకే నోటిఫికేషన్ వచ్చాక మూడు వారాలు ఉరికి, "మనవల్ల కాదు" అని వదిలేసేవాళ్లు సరిగ్గా ఫలితం రాబోయే ముందు వదిలేస్తున్నారు.

ఈ అంకెలున్న మనిషి వారం ఇలా ఉండాలి. మూడు రోజులు నిదానంగా, రౌండుకు 2:45 నుంచి 3:00 చొప్పున, పక్కవాడితో మాట్లాడగలిగేలా, 30 నుంచి 45 నిమిషాలు పరిగెత్తాలి. అందరూ చెడగొట్టుకునేది ఈ నిదానపు రోజులనే. ఉస్మానియా క్యాంపస్ రోడ్ల మీద పక్కవాడు దాటగానే పౌరుషం వచ్చి 2:10కి పోతారు. ఒకరోజు రౌండుకు 2:10 చొప్పున 20 నిమిషాలు. ఇది నిలకడ వేగానికి కాస్త కింద, సంపు జోలికి పోకుండా నల్లా పూర్తిగా తిప్పి ఉంచడం. ఇంకొక రోజు 400 మీటర్లు 1:48లో, మధ్య రెండున్నర నిమిషాల నడకతో ఐదుసార్లు. ఒక్కో దానికి సంపులోంచి 50 మీటర్లు పోతాయి. విరామం లేకపోతే నాలుగోదాని మొదట్లోనే అయిపోతుంది. నడిచేటప్పుడు సంపు మళ్లీ నిండుతుంది, మొదట గబగబా, తర్వాత మెల్లగా. వారానికి పదిహేను సెకన్లు విరామం తగ్గించు. వేగం మాత్రం పెంచొద్దు. అన్నీ 1:48కే రావాలి. మొదటిది 1:38, చివరిది 2:00 వస్తే ఆరోజు ప్రాక్టీస్ చేసింది తొందరపాటునే. మిగతా రెండు రోజులు విశ్రాంతి. ఆరు వారాలకొకసారి 1200, 2400 మళ్లీ కొలిచి అంకెలు మార్చుకోవాలి.

ఆడపిల్లలకు 800 మీటర్లకు 5:20 అంటే రౌండుకు 2:40. అక్కడ సంపు అవసరం దాదాపు ఉండదు. మొదటి 200 మీటర్లు ఉరకకుండా ఉంటే, వారానికి నాలుగు రోజుల నిదానపు పరుగే చాలామందిని గట్టెక్కిస్తుంది.

ఈవెంట్స్ (దేహదారుఢ్య పరీక్షలు) రోజున ఇంకో సంగతి. నల్లా తిప్పగానే ధార పూర్తిగా రాదు. పరుగు మొదలైన తర్వాత ఆక్సిజన్ వాడకం పూర్తి స్థాయికి చేరడానికి రెండు నిమిషాల దాకా పడుతుంది. అంతవరకు లోటు సంపే భరిస్తుంది. పది నిమిషాల జాగింగ్, 80 మీటర్లవి నాలుగు చురుకైన పరుగులు చేసి, ఐదు నుంచి పది నిమిషాలు ఆగి మొదలుపెడితే ధార త్వరగా అందుకుంటుంది. బ్యాచ్ పిలుపు ఆలస్యమైతే చల్లబడకుండా నిలబడ్డచోటే కదులుతూ ఉండాలి.

పరుగులో గుర్తుంచుకోవాల్సినవి నాలుగు అంకెలు. ప్రతి రౌండు చివర గడియారం 1:46, 3:35, 5:25, 7:12 చూపాలి. మొదటి 100 మీటర్లలో నిన్ను దాటిపోయినవాళ్లలో చాలామంది 1000 మీటర్ల దగ్గర ఎదురవుతారు.

చివరిగా ట్రాక్ గురించి. 400 మీటర్లన్నది మొదటి లేన్‌లో లోపలి అంచుకు 30 సెంటీమీటర్ల దూరంలో కొలిచిన లెక్క. రెండో లేన్‌లో తిరిగితే రౌండుకు దాదాపు 7 మీటర్లు ఎక్కువవుతాయి. నాలుగు రౌండ్లకు 28 మీటర్లు. మన కుర్రాడి సంపులో తక్కువపడ్డవి 27. గుంపులో ఇరుక్కుని రెండో లేన్‌లో పరిగెత్తినవాడు, పది వారాల సాధనతో సంపాదించిన 8 సెకన్లను ఒక్క పూటలో వంపుల దగ్గర పోగొట్టుకుంటాడు. ముందువాడిని దాటాలంటే వంపులో అతని వెనకే, లోపలి అంచు పట్టుకుని ఉండి, తిన్నని దారిలోకి వచ్చాక దాటాలి.