రైస్ పేపర్‌ను నానబెట్టకండి: వియత్నాం రోల్స్ మీద అపోహలు - వాస్తవాలు

వంట తరగతుల్లో ఏ దేశపు వంట నేర్పినా సందేహాలు అక్కడికక్కడే తీరిపోతాయి. రైస్ పేపర్ అనే పలచని బియ్యప్పిండి రేకులో ఆకులు, రొయ్యలు చుట్టి, వేయించకుండా తినే వియత్నాం ఫ్రెష్ రోల్స్‌కు మాత్రం సందేహాలు ఇంటికి వెళ్లాకే మొదలవుతాయి. ఆదివారం మధ్యాహ్నం ఫోను మోగుతుంది. "మేడం, ప్యాకెట్టు సగం అయిపోయింది, ఒక్క రోల్ కూడా చిరగకుండా రాలేదు. సాయంత్రం చుట్టాలు వస్తున్నారు." గొంతులో ఏడుపు ఒక్కటే తక్కువ. నీళ్లలో ఎంతసేపు ఉంచారని అడిగితే అందరిదీ ఒకటే జవాబు: "మెత్తబడే దాకా."

తంటా అంతా అక్కడే ఉంది.

అపోహ: రైస్ పేపర్‌ను వేడినీళ్లలో మెత్తబడే దాకా నానబెట్టాలి.

వాస్తవం: నానబెట్టకూడదు, ముంచి తీయాలి. వేడినీళ్లు అసలే అక్కర్లేదు.

ఈ అపోహ ఎవరు పుట్టించారో గానీ, దీనివల్ల పాడైనన్ని రేకులు మరే కారణంతోనూ పాడవలేదు. ఆ రేకు ఎలా తయారవుతుందో తెలిస్తే ఈ పొరపాటు జరగదు. బియ్యప్పిండి జావను, చాలా కంపెనీలు కర్రపెండలం పిండి కూడా కలుపుతాయి, మరిగే నీళ్ల కుండ మూతికి బిగించి కట్టిన గుడ్డ మీద పలచగా పరుస్తారు. ఆవిరికి ఉడికాక తీసి వెదురు తడికెల మీద ఎండబెడతారు. వియత్నాంలో దీన్ని బాన్ త్రాంగ్ అంటారు. అంటే మీ చేతికి వచ్చేసరికే అది ఉడికి, ఎండిన పదార్థం. మళ్లీ ఉడకాల్సిన పని లేదు, కాస్త తడి తగిలితే చాలు. వేడినీళ్లలో వేస్తే పైపొర జిగురై పోతుంది, చేత్తో ఎత్తగానే రేకు తనలో తాను అతుక్కుంటుంది, విడదీయబోతే చిరుగుతుంది.

అసలు కిటుకు ఇది. వెడల్పాటి పళ్లెంలో మామూలు కుళాయి నీళ్లు పోయండి. ఎండాకాలంలో ట్యాంకు నీళ్లు చేతికి వేడిగా తగిలితే కుండనీళ్లు వాడండి. రేకును రెండు మూడు క్షణాలు ముంచి, తిప్పి, బయటికి తీసేయండి. అప్పటికింకా అది అట్టలా బిరుసుగానే ఉంటుంది. "ఇది మెత్తబడలేదు, ఇంకాసేపు ఉంచుదాం" అని చెయ్యి మళ్లీ నీళ్లవైపు పోతుంది చూశారూ, అక్కడే ఆగాలి. పైన అంటిన తడి లోపలికి ఇంకుతూనే ఉంటుంది. తడిపిన పళ్లెం మీదో ప్లాస్టిక్ బోర్డు మీదో పరిచి, లోపల పెట్టేవి సర్దేలోగా అదే మెత్తబడుతుంది. పొడి చెక్క మీద మాత్రం పరచకండి, అతుక్కుంటే మళ్లీ ఊడిరాదు.

ఎప్పుడు చుట్టాలో రేకే చెబుతుంది. వెదురు తడికె అల్లిక చాలా రకాల రేకుల మీద అచ్చులా పడి ఉంటుంది. నీళ్లలోంచి తీసినప్పుడు ఆ గీతలు వేలికి గరుకుగా తగులుతాయి. పళ్లెం మీద ఉండగా అవి మెల్లగా అణుగుతాయి. గీతలు కంటికి కనబడుతూనే, అంచు పట్టి ఎత్తితే రేకు వంగుతోందంటే అదే అదను. గీతలు పూర్తిగా మాయమైతే ఆలస్యమైనట్టే.

హో చి మిన్ సిటీలో, అక్కడివాళ్లు ఇప్పటికీ సైగాన్ అనే అంటారు, బండి మీద ఈ రోల్స్ అమ్మే ఒక పెద్దావిడ పక్కన నిలబడి చాలాసేపు చూశాను. ఆవిడ ముందు నీళ్ల గిన్నే లేదు, ఒక తడిగుడ్డ ఉంది. రేకు మీద దాన్ని ఒక్కసారి రాసి, ఆకులు, బియ్యపు సేమ్యా, ఉడికించిన పంది మాంసం ముక్కలు పెట్టి, సగానికి చీల్చిన రొయ్యల్ని ఎర్రని వీపు రేకుకు ఆనేలా పేర్చి చుట్టేసింది. మాటలు ఆపకుండానే చుట్టింది. మనవాళ్లేమో రేకుకు స్నానం చేయిస్తారు. ఇంకా చిత్రం చెప్పనా? తాయ్ నిన్ రాష్ట్రంలోని త్రాంగ్ బాంగ్‌లో ఒక రకం రేకును రాత్రి మంచులో ఆరేస్తారు. ఆ మంచు తడికే అది మెత్తబడుతుంది, తినేటప్పుడు నీళ్లలో ముంచే పనే ఉండదు.

అపోహ: ముందురోజు రాత్రే చుట్టి ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు.

పెట్టుకోవచ్చు, తినలేరు. ఉడికిన పిండిపదార్థం ఫ్రిజ్ చలికి త్వరగా గట్టిపడుతుంది. నిన్నటి అన్నం బిరుసెక్కేదీ అందుకే. తెల్లారేసరికి రోల్ తోలులా సాగుతుంది, మడతల దగ్గర పగులుతుంది. అలాగని పొద్దున చుట్టి బల్ల మీద వదిలేయడమూ కుదరదు. ఉడికించిన రొయ్యలు, మాంసం బయట రెండు గంటలకు మించి ఉండకూడదు, 32 డిగ్రీలు దాటిన ఎండల్లో గంటే. చుట్టాలొస్తున్నారని కంగారుపడే వాళ్లకు నేను చెప్పేది ఒకటే: ఆకులు కడిగి పూర్తిగా ఆరబెట్టి, రొయ్యలు ఉడికించి ఫ్రిజ్‌లో పెట్టుకోండి. వాళ్లొచ్చాక అన్నీ బల్ల మీద పెట్టి ఎవరి రోల్ వాళ్లనే చుట్టుకోమనండి. వియత్నాం ఇళ్లలో అదే పద్ధతి, కాబట్టి మర్యాదకు లోటేమీ రాదు. చుట్టినవి కొద్దిసేపు ఆగాలంటే ఒకదానికొకటి తగలకుండా పేర్చి తడిగుడ్డ కప్పండి.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

పూతరేకులతో చేయవచ్చా అని ప్రతి బృందంలోనూ ఒకరు అడుగుతారు. రెండిటికీ మూలం బియ్యప్పిండి జావే, రెండూ కుండ మీద పుట్టేవే. కానీ ఆత్రేయపురం రేకు బోర్లించిన వేడికుండ మీద క్షణంలో ఆరే పొర, నోట్లో కరగడమే దాని గొప్ప. దాంట్లో తడి ఆకులు, రొయ్యలు చుట్టాలని చూడకండి.

రోల్ లోపల పెట్టేది పాయసం సేమ్యా కాదు. అది గోధుమది, ఇది బియ్యానిది. ఉడికించాక చల్లనీళ్లలో కడిగి బాగా వార్చాలి.

చేపల్ని ఉప్పులో ఊరబెట్టి తీసే ఫిష్ సాస్ లేకపోతే రుచే రాదన్నది ఒట్టి మాట. దక్షిణ వియత్నాంలో ఈ రోల్స్‌కు ఎక్కువగా ఇచ్చేది పులియబెట్టిన సోయా సాస్‌లో వేరుశనగ కలిపిన చట్నీయే. శాకాహారులూ మొహమాటపడనక్కర్లేదు. అక్కడి బౌద్ధులు చాంద్రమాసంలో 1, 15 తేదీల్లో మాంసం మానేస్తారు, టోఫు (సోయా పనీర్) పెట్టిన రోల్స్ వాళ్లకూ ఉన్నాయి.

గోధుమల్లో ఉండే గ్లూటెన్ పడనివాళ్లు రేకు గురించి కాదు, సాస్ గురించి జాగ్రత్త పడాలి. వేరుశనగ చట్నీలో వాడే హాయ్‌సిన్ అనే తియ్యటి సోయా సాస్‌లో చాలా కంపెనీలు గోధుమపిండి కలుపుతాయి. సీసా వెనుక చదవండి.

ఇది తింటే బరువు తగ్గుతామా? 22 సెంటీమీటర్ల రేకు బరువు 10 గ్రాములు అటూ ఇటూ, కేలరీలు 35 దాకా. వేరుశనగ చట్నీని గరిటెతో పోసుకుంటే ఆ లెక్క మన చేతిలో ఉండదు.

ప్యాకెట్టులో విరిగిన రేకుల్ని పారేయకండి. కత్తెరతో సన్నగా కత్తిరించి, తురిమిన పుల్లమామిడి, ఉప్పుకారం, కాస్త నూనె కలిపితే సైగాన్ బడిపిల్లలు ఎగబడి కొనుక్కునే బాన్ త్రాంగ్ త్రోన్‌కు దగ్గరగా వస్తుంది. దానికైతే నీళ్లే అక్కర్లేదు.