మంత్రుల్ని పార్లమెంటులో ప్రశ్నలు అడగడం: గుళ్ళు, సినిమాలు, క్రికెట్ మీద అపోహలు - వాస్తవాలు

ఢిల్లీలో ఒక లోక్‌సభ ఎంపీ గారి ఆఫీసులో కొన్నేళ్ళుగా పని చేస్తున్నా, ముఖ్యంగా ప్రశ్నలు డ్రాఫ్ట్ చెయ్యడం. సాంస్కృతిక శాఖ, సమాచార ప్రసార శాఖ, క్రీడల శాఖ నా వాటా (రైల్వేలు, హైవేలు మిగతావాళ్ళు తీసేసుకుని ఇవి నాకు తోసేశారు, నాకు ఇవే ఇష్టం అని వాళ్ళకి తెలీదు). ఊరెళ్తే పెళ్ళిళ్ళలో అందరూ అవే మాటలు అంటారు, ప్రతిసారీ చెప్పే ఓపిక లేక రాసి పెట్టేస్తున్నా.

అపోహ: ఎంపీ లేచి గట్టిగా అడిగితే మంత్రి అక్కడికక్కడే జవాబు చెప్పి తీరాలి.

మీరు చూసే క్లిప్ వెనక చాలా తతంగం ఉంటుంది. ప్రశ్న కనీసం 15 రోజుల ముందు ఇవ్వాలి, మామూలుగా 150 పదాలు దాటకూడదు, తర్వాత లాటరీ. లోక్‌సభలో రోజుకి స్టార్డ్ ప్రశ్నలు 20, అంటే సభలో నోటితో జవాబు చెప్పేవి, అన్‌స్టార్డ్ 230 దాకా, వాటికి కాగితం మీదే జవాబు. ఒక ఎంపీ పేరు మీద ఆ 20లో ఒక్కటే రావచ్చు. సరే వచ్చింది అనుకోండి, 11 నుంచి 12 దాకా ఉండే ప్రశ్నోత్తరాల గంటలో మామూలుగా నాలుగైదు ప్రశ్నలకి మించి అవ్వవు, గొడవ జరిగితే అవీ ఉండవు. 2019 నవంబర్ 27న మొత్తం 20కి 20 అయిపోతే అది వార్త అయింది, ఎందుకంటే 1972 తర్వాత అలా జరగడం అదే మొదటిసారి!

ఇంకోటి, మెయిన్ ప్రశ్నకి జవాబు ముందే ప్రింటయి ఉంటుంది, మంత్రి లేచి సభ ముందు పెడుతున్నా అంటారు అంతే. అసలు ఆట అనుబంధ ప్రశ్నలు, అందరూ సప్లిమెంటరీలు అంటారు. అడిగిన ఎంపీకి రెండు ఛాన్సులు. మంత్రి చేతిలో మీరేం అడుగుతారో ఊహించి ఆఫీసర్లు తయారు చేసిన ఫైలు ఉంటుంది, అందులో లేనిది అడిగితే ఆఫీసర్ల గ్యాలరీ నుంచి చీటీ వస్తుంది. అందుకే నేను మెయిన్ ప్రశ్న మెత్తగా రాస్తా, సంవత్సరాల వారీగా ఖర్చెంత అన్నట్టు, పదునంతా రెండో సప్లిమెంటరీకి దాచుకుంటా. మొదటిదాంట్లోనే ఉపన్యాసం మొదలుపెట్టి స్పీకర్ చేత "ప్రశ్న అడగండి" అనిపించుకుంటే ఆ ఛాన్సు గోవిందా.

అపోహ: ప్రశ్న ఘాటుగా ఉండాలి.

కొత్తలో నేనూ అలాగే అనుకున్నా. ఒక పాత గుడి గురించి "కప్పు కూలుతుంటే శాఖ నిద్రపోతోందా" అని రాస్తే ప్రశ్న తీసుకోలేదు. లోక్‌సభ నియమాల్లో 41వది తీసి చదివితే వ్యంగ్యం వద్దు, వాదన వద్దు, అభిప్రాయం అడగొద్దు, ఊహాజనితం వద్దు అని చాంతాడంత లిస్టు. మళ్ళీ రాశా: ఐదేళ్ళలో ఏ ఏడు ఎంత కేటాయించారు, ఎంత ఖర్చు పెట్టారు, చివరిసారి తనిఖీ చేసింది ఎప్పుడు. అది పాసయింది, కేటాయింపు పక్కన ఖర్చు అంకె చూశాక వ్యంగ్యం నేను కలపక్కర్లేకపోయింది.

అపోహ: స్టార్ లేకపోతే ప్రశ్న వేస్టు.

నన్నడిగితే అన్‌స్టార్డే మేలు. రాష్ట్రాల వారీ పట్టికలు ఎక్కువగా అక్కడే వస్తాయి, అరుపులుండవు, సభ వాయిదా పడినా జవాబు వెబ్‌సైట్‌లోకి వచ్చేస్తుంది. 2020 సెప్టెంబర్‌లో కోవిడ్ అని ప్రశ్నోత్తరాల గంట మొత్తం ఎత్తేసినప్పుడు కూడా అన్‌స్టార్డ్ జవాబులు నడిచాయి.

అపోహ: మన ఊరి స్టేడియం, సినిమా టికెట్ రేటు, తెలుగు ప్రాచీన హోదా, అన్నీ ఢిల్లీలో అడిగెయ్యొచ్చు.

ఎక్కువ మంది బోర్లా పడేది ఇక్కడే, నేను కూడా. రాజ్యాంగం ఏడో షెడ్యూల్‌లో రాష్ట్ర జాబితా 33వ అంశం చూడండి, క్రీడలు, వినోదం, నాటకాలు, సినిమా హాళ్ళు అన్నీ అందులోనే. కేంద్ర జాబితాలో సినిమాకి సంబంధించి ఉన్నది ప్రదర్శనకి అనుమతి, అంటే మనం సెన్సార్ అనేది. అందుకని టికెట్ రేటు గురించి ఎంపీని ట్యాగ్ చేస్తే లాభం లేదు, అది అమరావతిలోనో హైదరాబాద్‌లోనో అడగాలి. పైరసీ గురించైతే అడగొచ్చు, 2023లో సినిమాటోగ్రాఫ్ చట్టం సవరించి జైలు శిక్ష 3 నెలల నుంచి 3 ఏళ్ళ దాకా పెట్టారు, ఎన్ని కేసులు పెట్టారు అని అడిగితే జవాబు రావాలి.

స్టేడియం గురించి అడిగితే వచ్చే జవాబు నాకు కంఠతా వచ్చు: క్రీడలు రాష్ట్ర అంశం, కేంద్రం రాష్ట్రాల కృషికి తోడ్పడుతుంది. దీన్ని దాటాలంటే స్టేడియం అనకూడదు, ఖేలో ఇండియా (క్రీడలకి డబ్బిచ్చే కేంద్ర స్కీము) కింద ఈ జిల్లా నుంచి ఎన్ని ప్రతిపాదనలు వచ్చాయి, ఏ తేదీన వచ్చాయి, ఇప్పుడు ఎక్కడున్నాయి అనాలి. స్కీము కేంద్రానిది కాబట్టి తప్పించుకోవడం కష్టం. ఒక్కోసారి రాష్ట్రం అసలు ప్రతిపాదనే పంపలేదు అని వస్తుంది, అప్పుడు మా ఎంపీ గారి మొహం చూడాలి, సొంత పార్టీ ప్రభుత్వమే మరి.

ప్రాచీన హోదా సంగతి ఇంకా తమాషా. తెలుగుకి 2008లో వచ్చింది, హోదాకి అర్హతలు చూసేది సాంస్కృతిక శాఖ, నెల్లూరులో ఉన్న తెలుగు ప్రాచీన భాషా కేంద్రం మాత్రం విద్యా శాఖ కింద. నేను ఆ నెల్లూరు కేంద్రంలో పోస్టుల గురించి సాంస్కృతిక శాఖకి రాశా, వాళ్ళు విద్యా శాఖకి పంపారు, ఆ బదిలీలో వరస పోయి ఆ సెషన్‌లో జవాబే రాలేదు. శాఖ తప్పు రాసిన పాపం నాదే.

అపోహ: క్రికెట్ బోర్డుని మంత్రి లైన్లో పెట్టొచ్చు.

బీసీసీఐ తమిళనాడు సొసైటీల చట్టం కింద రిజిస్టరైన సంస్థ, సర్కారు డబ్బు తీసుకోదు. ప్రభుత్వానికి జవాబుదారీ కాని సంస్థల విషయాలు ప్రశ్నల్లో అడగకూడదని అదే 41వ నియమం. 2018లో లా కమిషన్ దాన్ని సమాచార హక్కు కిందకి తేవాలంది, 2025లో వచ్చిన జాతీయ క్రీడా పాలన చట్టం పరిధిలోకి బోర్డు వచ్చింది గానీ సమాచార హక్కు మాత్రం సర్కారు నిధులు తీసుకునే సంస్థలకే పరిమితం చేశారు. కాబట్టి టీమ్ సెలక్షన్ గురించి నాకు మెసేజ్‌లు పెట్టకండి, ప్లీజ్.

అపోహ: ఇవన్నీ అడిగి ఏం లాభం?

కేంద్ర పురావస్తు శాఖ రక్షిత కట్టడాలు 3,600 పైచిలుకు. 2013లో కాగ్ (సర్కారు లెక్కలు తనిఖీ చేసే సంస్థ) కొన్నిటిని వెళ్ళి చూసి 92 కనపడట్లేదు అని రాసింది. కట్టడం కనపడకపోవడమేంటి అని జనం నవ్వుకున్నారు. ఆ అంకెని వదలకుండా పట్టుకుంటూ వస్తే, చివరికి సాంస్కృతిక శాఖే పార్లమెంటరీ స్థాయీ సంఘానికి (ఛైర్మన్ అప్పుడు మన విజయసాయిరెడ్డి గారే) 50 లేవని ఒప్పుకుంది: 14 పట్టణాల్లో కలిసిపోయాయి, 12 డ్యాముల కింద మునిగాయి, 24 ఎక్కడున్నాయో తెలీదు. పోయినవి తిరిగి రాలేదు నిజమే, కానీ ఇప్పుడు ఏ ఎంపీ అయినా "ఆ 24లో ఎన్ని దొరికాయి" అని ప్రతి సెషన్‌లో అడగొచ్చు. మంత్రి "సమాచారం సేకరించి సభ ముందుంచుతాం" అన్నారంటే అది హామీ కింద రాసుకుంటారు, మూడు నెలల్లో తీర్చాలి, తీర్చకపోతే హామీల కమిటీ వెంటపడుతుంది. ఏళ్ళ తరబడి తీరనివీ ఉన్నాయి లెండి.

మీ ఊరి గుడి గురించి పంపాలంటే సెషన్ మొదలయ్యాక పంపకండి, ఆ 15 రోజుల లెక్క గుర్తుంచుకోండి. ఊరు, మండలం రాసి అక్కడున్న రక్షిత కట్టడం బోర్డు ఫొటో కూడా పెట్టండి, అది కేంద్రం వాళ్ళదా రాష్ట్రం వాళ్ళదా తెలిస్తే నాకు సగం పని అయిపోయినట్టే.