బండి వెనక ఆ మోత ఎప్పుడొస్తోంది?

రాళ్లదారుల్లో, వాగుల్లో తిరిగే ఫోర్ బై ఫోర్ బండి వెనక నుంచి కొత్తగా ఏదో శబ్దం మొదలైందంటే, అది ఎడమ నుంచా కుడి నుంచా అని అందరం చెవులు రిక్కిస్తాం. ఈ విషయంలో మన చెవిని అంతగా నమ్మలేం. గాలిలో శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు వెళ్తుంది. 50 హెర్ట్జ్ మోత తరంగం పొడవు దాదాపు 7 మీటర్లు, అంటే క్యాబిన్ కన్నా పెద్దది. అలాంటి మోత లోపలంతా నిండిపోతుంది, దిక్కు తెలియదు. పైగా ఉక్కులో శబ్దం గాలిలోకన్నా పది రెట్లకు పైగా వేగంగా పాకుతుంది. ఎడమ చక్రంలో పుట్టిన గరగర కుడి సీటు కింద రేకులో మోగినా ఆశ్చర్యం లేదు. ఎక్కడిదో తేలని శబ్దం ఎప్పుడొస్తోందో, ఎప్పుడు మారుతోందో మాత్రం చెవి బాగానే పట్టేస్తుంది.

స్పానర్ పట్టేముందు చక్రాల లోపలి వైపు ఒకసారి తొంగి చూడండి. రిమ్ములో ఎండి గట్టిపడ్డ బురద ఒక్కటి చాలు, బండంతా వణకడానికి. డిస్కుకీ దాని వెనక రేకుకీ మధ్య ఇరుక్కున్న చిన్న రాయి చేసే కీచు వింటే బ్రేకు మొత్తం పోయిందనిపిస్తుంది.

అవేవీ కాకపోతే ఖాళీ రోడ్డు మీద, శబ్దం వచ్చే వేగంలో గేరు న్యూట్రల్ చేసి బండిని దొర్లనివ్వాలి. ఇంజిన్ మాత్రం ఆపకూడదు. ఆపితే బ్రేకు, స్టీరింగ్ బిగుసుకుంటాయి. ఇంజిన్ నెమ్మదించినా మోత సాగుతూ, బండి వేగంతో పాటే తగ్గుతుంటే, అది చక్రాలతో కలిసి తిరిగేవాటిలో ఏదో ఒకటి. ఇక్కడ చిన్న లెక్క పనికొస్తుంది. 76 సెంటీమీటర్ల వ్యాసమున్న టైరు గంటకు 60 కిలోమీటర్ల వేగంలో సెకనుకు 7 సార్లు తిరుగుతుంది. టైరులో ఒకచోట ఉబ్బు ఉంటే సెకనుకు 7 దెబ్బలు. ఇంజిన్ వైపు నుంచి వెనక ఆక్సిల్‌కి శక్తిని మోసుకెళ్లే పొడవాటి కడ్డీ ప్రొపెల్లర్ షాఫ్ట్. వెనక ఆక్సిల్ నిష్పత్తి 4.1 అయితే, అంటే చక్రం ఒక చుట్టు తిరిగేలోగా ఆ షాఫ్ట్ 4.1 చుట్లు తిరిగితే, అది సెకనుకు దాదాపు 29 సార్లు తిరుగుతుంది. దాని బ్యాలెన్స్ తప్పితే వణుకు సీటులో తెలుస్తుంది. ఆక్సిల్ మధ్యలో ఉండే పెద్ద పళ్లచక్రం క్రౌన్ వీల్‌కి 41 పళ్లుంటే, అవి దాన్ని తిప్పే చిన్న పళ్లచక్రం పినియన్‌తో సెకనుకు సుమారు 285 సార్లు కలుస్తాయి, అది సన్నని ఊళలా వినిపిస్తుంది. శబ్దం పౌనఃపున్యం చూపించే ఫోన్ యాప్ ఉంటే ఈ అంకెలతో పోల్చుకోవచ్చు.

యాక్సిలరేటర్ తొక్కినప్పుడు క్రౌన్ పళ్ల ఒక పక్క ఒరుసుకుంటుంది, వదిలితే రెండో పక్క. కాబట్టి తొక్కితే ఊళ వేసి, వదలగానే మాయమయ్యే మోతకి ముందు అనుమానించాల్సింది పళ్లనే. మెల్లగా ఎడమకి తిప్పితే బరువు కుడి చక్రం మీద పడుతుంది. అప్పుడు గరగర పెరిగితే కుడి బేరింగ్. తారురోడ్డు మీద హోరుమని, మట్టిలోకి దిగగానే తగ్గితే టైర్లే. గేరు పడగానే ఒక్కసారి ఠంగుమంటే షాఫ్ట్ క్రాసో (షాఫ్ట్ వంగి తిరగడానికి దాని కొసల్లో ఉండే కీలు), కమాను కట్టల బుష్‌లో (కట్టలు బిగించిన చోట ఉండే తొడుగులు) అరిగి ఉండొచ్చు. నెమ్మదిగా వెళ్తున్నప్పుడు కిచకిచమంటే క్రాసులో గ్రీజు ఎండిపోయి ఉండొచ్చు.

ఈ క్రాసుకి పుట్టుకతో వచ్చిన గుణం ఒకటుంది. వంగి తిరిగేటప్పుడు, ఒక వైపు సమవేగంతో తిరిగినా రెండో వైపు ప్రతి చుట్టులో రెండుసార్లు ముందుకు ఉరికి, రెండుసార్లు వెనకబడుతుంది. వంపు 10 డిగ్రీలైతే ఆ హెచ్చుతగ్గు ఒకటిన్నర శాతమే. 20 డిగ్రీలకి 6 శాతం దాటుతుంది. అటు ఇటు ఉన్న రెండు క్రాసుల వంపులూ సమానంగా ఉంటే ఒకదాని తేడాని ఇంకొకటి సరిచేస్తుంది. సస్పెన్షన్ ఎత్తు పెంచి ఈ కోణాలని పట్టించుకోకపోతే, కొత్త క్రాసులు వేసినా వణుకు వదలదు. ఎత్తు పెంచుకున్న బండి గురించి ఎవరైనా చెప్తే నేను ముందు అడిగేది ఈ కోణాల సంగతే.

వాగుల్లో దిగే బండికి నీటి బెడద వేరు. చాలాసేపు నడిచిన డిఫరెన్షియల్ (ఆక్సిల్ మధ్యలో క్రౌన్ వీల్, పినియన్ ఉండే గుండు) లోపలి గాలి 80 డిగ్రీల దగ్గర ఉందనుకోండి. చల్లటి నీళ్లలో మునిగి అది 25 డిగ్రీలకి దిగితే లోపలి పీడనం దాదాపు 15 శాతం పడిపోతుంది. పైనున్న గాలిగొట్టం మట్టితో మూసుకుపోయి ఉంటే ఆ లోటు ఆక్సిల్ సీళ్ల (ఆయిల్ కారకుండా ఆపే వలయాల) అంచుల నుంచి నీటిని లాగేస్తుంది. గొట్టం తెరిచి ఉన్నా దాని కొస నీటిలో మునిగితే అంతే సంగతి. వాగులో ఏమీ తెలియదు. తర్వాతెప్పుడో బేరింగ్ మూలగడం మొదలుపెడుతుంది. గొట్టాన్ని పొడిగించి ఇంజిన్ గది ఎత్తుకి తెచ్చుకోవడం అందుకే.

అనుమానం తీరాలంటే డిఫరెన్షియల్ కింది బోల్టు విప్పి ఆయిల్ చూడాలి. పాలు కలిసినట్టు తెల్లబారి ఉంటే నీళ్లు చేరాయి. ఆయిల్ మార్చి, సీళ్లు చూడండి. బోల్టు కొసన అయస్కాంతం ఉంటే దానికి నల్లటి మెత్తటి ముద్ద అంటుకుని ఉంటుంది. వేళ్ల మధ్య నలిపితే జారిపోయేంత మెత్తగా ఉంటే అది మామూలు అరుగుదలే. వేలికి గుచ్చుకునే పొలుసులో, పంటి ముక్కో దొరికితే మాత్రం బండిని ఇక నడపొద్దు, ట్రక్కు మీద ఎక్కించి షెడ్డుకి పంపండి. విరిగిన పన్ను గేర్ల మధ్య చిక్కితే వెనక చక్రాలు పరుగులోనే బిగుసుకుపోతాయి.