గల్లాపెట్టెలో డబ్బు ఎవరిది?

చి. సింధుకి, చి. చరణ్‌కి, మీ జట్టు పిల్లలందరికీ తాతయ్య ఆశీస్సులు.

బడి తెరిచీ తెరవగానే మంచి ప్రశ్నే పంపారు. విశాఖ ఆర్కే బీచ్‌లో మురీ (మరమరాల) మిక్చర్ ఆంటీ బండి దగ్గర ఆదివారం సాయంత్రం నిలబడడానికి చోటుండదు, డబ్బా నిండా నోట్లే, అయినా సోమవారం పొద్దున్నే ఫైనాన్స్ వాళ్ల దగ్గర అప్పు తీసుకుంటోంది, ఎందుకు తాతయ్యా అని. ఆవిడది దుబారా చెయ్యేమో అని చరణ్ తేల్చేశాడు కూడా. అంత తొందరేం లేదు నాయనా.

వ్యాపారం రోజూ నడవడానికి చేతిలో ఉండాల్సిన డబ్బుకి మీ పుస్తకంలో నిర్వహణ మూలధనం అని ఏదో నిర్వచనం ఉంటుంది. పరీక్షలో అది రాసుకోండి. ఇప్పుడు మాత్రం వంటింట్లోకెళ్లి పెరుగు గిన్నె మూత తియ్యండి.

మీ మామ్మ ఆ గిన్నె ఊడ్చి వడ్డించడం ఎప్పుడైనా చూశారా? ఎంతమంది చుట్టాలొచ్చినా అడుగున చెంచాడు ఉంచుతుంది. రాత్రి గోరువెచ్చటి పాలలో అది వేస్తే తెల్లారేసరికి మళ్లీ గిన్నెడు పెరుగు. ఆంటీ డబ్బాలో మీరు చూసిన నోట్లు ఆ గిన్నెడు పెరుగే. అందులో రేపటి తోడు ఉంది, రేపటి పాల ఖరీదు ఉంది, పాలు కాచిన గ్యాసు ఖర్చుంది. అవన్నీ తీసి పక్కన పెట్టాక మిగిలిందే అన్నంలో కలుపుకోవాలి.

లెక్క వేద్దాం. పొట్లం 30 రూపాయలు, ఆదివారం వంద పొట్లాలు పోయాయనుకోండి. డబ్బాలో 3,000. మురీలు, వేరుశెనగ పలుకులు, ఉల్లిపాయలు, టమాటాలు, నిమ్మకాయలు, నూనె, కాగితాలు అన్నీ కలిపి పొట్లానికి 15 చొప్పున 1,500 అయింది. సరుకు తెచ్చిన ఆటోకి, చేతికింద కుర్రాడి కూలికి 600. మిగిలింది 900. బాగానే ఉంది కదా? ఇప్పుడు మంగళవారం చూడండి. 30 పొట్లాలే పోయాయి. వచ్చింది 900, సరుకుకి 450. కానీ కుర్రాడి కూలీ తగ్గదు, ఆటో బాడుగా తగ్గదు, ఆ 600 అలాగే ఉంది. అంటే సాయంత్రమంతా నిలబడి చేతి డబ్బు 150 పోగొట్టుకుంది. ఒక్కో పొట్లం మీద 15 మిగులుతుంది గనక, నలభై పొట్లాలు అమ్మేదాకా ఆవిడ కుర్రాడి కోసం, ఆటో కోసం పనిచేస్తోంది. తన కోసం చేసేది నలభై ఒకటో పొట్లం నుంచే. వాన పడితే అదీ లేదు. మురీలు మెత్తబడతాయి, తరిగిన ఉల్లిపాయలు పారబోసుకోవాలి.

అలాంటి వారంలోనే ఇంట్లో ఎవరికో జ్వరం వస్తుంది. తోడు కూడా నాకేయాల్సొస్తుంది. ఇక పక్కింటికి గిన్నె పట్టుకెళ్లాలి. ఆ పక్కింటివాళ్లు చెంచాడిచ్చి కప్పుడు అడిగే రకం. రోజువారీ ఫైనాన్స్ సంగతి వినండి. పదివేలు అప్పంటారు, వెయ్యి ముందే పట్టుకుని తొమ్మిదివేలు చేతిలో పెడతారు. రోజుకి వంద చొప్పున వంద రోజులు కట్టాలి. వెయ్యి రూపాయలేగా అనిపిస్తుంది. కానీ అసలు రోజూ కొంత తిరిగెళ్లిపోతోంది, ఆ వంద రోజుల్లో సగటున ఆవిడ చేతిలో ఉన్నది సుమారు 4,500 మాత్రమే. నెలకి నూటికి ఆరున్నర రూపాయలకి పైనే వడ్డీ పడుతుంది. మీ లెక్కల మాస్టారి చేత సరిచూపించుకోండి. ఈ బాధ తప్పిద్దామనే కేంద్రం 2020 జూన్‌లో వీధి వ్యాపారులకి పీఎం స్వనిధి అనే అప్పుల పథకం పెట్టింది. మొదట్లో తొలి విడత 10,000 ఇచ్చేవారు, అది సరిగ్గా తీర్చినవాళ్లకి తర్వాత్తర్వాత 20,000, ఆపైన 50,000 కూడా ఇచ్చారు. గడువుకి కట్టినవాళ్లకి వడ్డీలో 7 శాతం రాయితీ. మరి బ్యాంకుకి వెళ్లాలంటే ఒక పూట బండి మూసుకోవాలి. ఫైనాన్స్ కుర్రాడైతే బండి దగ్గరికే వస్తాడు. అందులోనే ఉంది కిటుకంతా.

తోడు ఎక్కువైనా ఇబ్బందే, పెరుగు పులుస్తుంది. అవసరానికి మించి సరుకు కొని నిలవ పెట్టుకోవడం అలాంటిదే. పెరుగంతా కప్పుల్లో పోసి వీధిలోవాళ్లకి బదులిచ్చేస్తే, లెక్కకి బోలెడు పెరుగుంటుంది, మన గిన్నె మాత్రం ఖాళీ. కిరాణా కొట్లలో ‘అప్పు రేపు’ అని బోర్డు పెట్టేది అందుకే. ఇక పిల్లి తాగేస్తే... మీ మామ్మ పక్కనుంచి పెరుగు గొడవ చాలించమంటోంది.

మా మేనమామకి పూర్ణా మార్కెట్ దగ్గర చిన్న కిరాణా కొట్టుండేది. సెలవులకి నన్నక్కడ దింపేవారు. అనకాపల్లి బెల్లం అచ్చులు గోనెపట్టా మీద పేర్చి ఉండేవి, ఈగలు, కందిరీగలు, ఆ వాసన. కొట్టు కట్టేసే వేళ మామయ్య కళ్లజోడు ముక్కు మీదకి దించుకుని ఎర్ర ఖాతా పుస్తకం తెరిచేవాడు. అందులో ఒక వరస చదివి నాకు ఏడుపొచ్చింది: ‘మేనల్లుడి బెల్లం, అణా’. సొంత మేనల్లుడు తిన్న ముక్కకి లెక్కేమిటని అత్తయ్య దెబ్బలాడింది. “తినొద్దన్నానా? ఇంట్లోవాడు తిన్నదైనా కొట్టు సొమ్మే కదా” అన్నాడాయన. మర్నాడు తన జేబులోంచి అణా తీసి గల్లాలో వేశాడు. పండక్కి ఇంట్లోకి పట్టుకెళ్లిన పప్పుకీ అంతే. పక్క కొట్టాయన ఇంట్లో పెళ్లికి గల్లాలోంచి ఖర్చు పెడుతూ పోయాడు. రోజూ జనం కిటకిటలాడుతున్న కొట్టే మూతపడింది. మీరు పెద్దయ్యాక ఏ వ్యాపారం పెట్టినా, ఇంటి డబ్బుకొక డబ్బా, కొట్టు డబ్బుకొక డబ్బా పెట్టుకోండి. ఫోన్‌లో డబ్బులు పడే కాలంలో ఇది ఇంకా కష్టం, అన్నీ ఒకే ఖాతాలోకి వచ్చి పడతాయి.

మురీలన్నా నాలుగు రోజులు నిలవుంటాయి. చేపలమ్మే అప్పలని, అంటే అక్కలని, తలుచుకుంటే నాకు ఆశ్చర్యమే. గుడ్లు పెట్టే కాలమని ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్లు వేటకి పోకూడదు. ఆ గడువు దాటాక హార్బర్ మళ్లీ కళకళలాడుతుంది. పొద్దున్న వంజరానికి పలికిన ధర మధ్యాహ్నం పలకదు, ఐసు కరిగేకొద్దీ ధరా కరుగుతుంది. మిగిలినవాటికి ఉప్పు రాసి ఎండేస్తే ఎండుచేపల ధరే. వేలంలో ఎన్ని తట్టలు పాడాలి, ఏ ధర దగ్గర ఆగాలి, ఈ వీధిలో ఎవరింట్లో శనివారం నీచు ముట్టరు, ఇవన్నీ కాగితం ముక్క లేకుండా నిలుచున్న చోటే తేల్చేసుకుంటుంది. ఇంత గణితం ఏ బడిలో చెప్పారమ్మా ఈవిడకి!

వివరించడం నా వల్ల కాదు గానీ, ఒక ఆదివారం తెల్లవారుజామునే ఫిషింగ్ హార్బర్‌కి వెళ్లండి. నాన్నని వెంట తీసుకెళ్లండి. నేల జారుతుంది, పాత చెప్పులేసుకోండి. వేలం జరుగుతుంటే అడ్డం నిలబడకండి. ఒక్క అప్పని ఎంచుకుని ఎంతకి పాడింది, ఎంత చేతికిచ్చింది, ఎంత అరువు పెట్టింది, ఐసుకి ఎంతయింది, ఆటోలో ఎంతమంది కలిసి ఎక్కారు, అన్నీ రాసుకోండి. మధ్యాహ్నం ఆవిడ కూర్చునే చోటికి వెళ్లి ధర అడగండి. కొనే ఉద్దేశం లేకుండా బేరమాడకండి, పావుకిలో అయినా కొనండి. లెక్క నాకు పంపండి.

మీ తాతయ్య