కీవ్ పోస్ట్ నుంచి కీవ్ ఇండిపెండెంట్ దాకా: 26 ఏళ్ళ కథ

2022 ఫిబ్రవరి 24 తెల్లారేసరికి రష్యా యుక్రెయిన్ మీద పడింది. అప్పటికి మా పక్కింటి అంకుల్ వాళ్ళబ్బాయి వినిత్సియాలో మెడిసిన్ చదువుతున్నాడు. ఆ పది రోజులూ వాళ్ళింట్లో టీవీ ఆగిందే లేదు, కానీ మన చానల్స్‌లో గ్రాఫిక్స్, సైరన్ సౌండ్లు తప్ప ఏ ఊళ్ళో ఏం జరిగిందో తెలిసేది కాదు, దాంతో ఆంటీ ఫోన్ పట్టుకుని మా ఇంటికి వచ్చేసేవారు, "నాన్నా, ఇందులో వినిత్సియా పేరు ఉందేమో చూడు" అని. చూస్తే అది పిల్లల వాట్సాప్ గ్రూప్‌లోంచి వచ్చిన ట్విట్టర్ స్క్రీన్‌షాట్. ఏ ఊళ్ళో సైరన్ మోగింది, ఎక్కడ పేలుడు వినిపించింది, టైంతో సహా రెండు లైన్ల ఇంగ్లీషులో ఉండేది. పైన పేరు కీవ్ ఇండిపెండెంట్. ఆ అబ్బాయి రొమేనియా బోర్డర్ దాటి ఇంటికి క్షేమంగా వచ్చేశాడు, కానీ ఆ పేరు మాత్రం నా బుర్రలో ఉండిపోయింది.

తర్వాత తెలిసింది ఏంటంటే, అప్పటికి ఆ పత్రిక వయసు మూడు నెలలు! మూడు నెలల పసికూన మాటని ప్రపంచం మొత్తం ఎందుకు నమ్మింది అని వెతుక్కుంటూ వెనక్కి వెళ్తే, అది నడుపుతున్నవాళ్ళు కొత్తవాళ్ళేం కాదు, యుక్రెయిన్ రాజధాని కీవ్‌లోనే ఇంకో ఇంగ్లీషు పేపర్‌లో ఏళ్ళ తరబడి పనిచేసి 2021 నవంబర్‌లో ఒక్కరోజులో ఉద్యోగాలు పోగొట్టుకున్నవాళ్ళు. ఆ పాత పేపరే కీవ్ పోస్ట్. అసలు కథ 1995లో మొదలైంది.

సోవియట్ యూనియన్ కూలిపోయాక తూర్పు యూరప్ ఊళ్ళన్నిటికీ పడమటి దేశాలవాళ్ళు గుంపులుగా దిగారు, ఎంబసీల వాళ్ళు, బ్యాంకుల వాళ్ళు, ప్రపంచ బ్యాంకు సలహాదారులు, పాస్టర్లు, ఊరికే అదృష్టం చూసుకుందామని వచ్చిన కుర్రాళ్ళు. వీళ్ళకి లోకల్ భాష రాదు, ఆ లిపి చదవడం కూడా రాదు. వాళ్ళ కోసం ఊరూరా ఒక ఇంగ్లీషు పేపర్ పుట్టుకొచ్చింది. ప్రాగ్‌లో ప్రాగ్ పోస్ట్ 1991లో, మాస్కోలో మాస్కో టైమ్స్ 1992లో, ఆ తర్వాత ఏడాది సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఇంకోటి. కీవ్‌లో ఆ పని చేసింది జెడ్ సండెన్ అనే అమెరికన్. చేతిలో ఉన్నది 8,000 డాలర్లు, మూడు కంప్యూటర్లు, ఏడుగురు మనుషులు. 1995 అక్టోబర్‌లో మొదటి సంచిక బయటికొచ్చింది.

ఇలాంటి పేపర్ ఎలా బతుకుతుందో చెప్పకపోతే మిగతా కథ అర్థం కాదు. ఇది కొని చదివే పేపర్ కాదు, హోటల్ లాబీలో, పబ్ తలుపు పక్కన స్టాండ్‌లో పెడతారు, వచ్చినవాళ్ళు ఫ్రీగా పట్టుకెళ్తారు. డబ్బులన్నీ ప్రకటనల నుంచే, అద్దెకి ఫ్లాట్, సామాన్లు దేశం దాటించే కంపెనీ, కొత్తగా తెరిచిన రెస్టారెంట్, ఇంగ్లీషు వచ్చిన అకౌంటెంట్ కావలెను, ఇవన్నీ. అంటే ఊళ్ళో విదేశీయులు ఉన్నంతకాలం, వాళ్ళ జేబులో డబ్బు ఉన్నంతకాలం పేపర్ ఉంటుంది. దేశానికి జ్వరం వస్తే ముందు ఈ పేపర్‌కే దగ్గు వస్తుంది అనుకోండి.

ఇక్కడ ఒక్క విషయం దగ్గర ఆగాలి, ఆ పేపర్ పేరులోని స్పెల్లింగ్ దగ్గర. అప్పట్లో ప్రపంచమంతా ఆ ఊరిని రష్యన్‌లో పలికినట్టు కియెవ్ అని రాసేది. యుక్రెయిన్ ప్రభుత్వం తమ భాషలో పలికే కీవ్ రూపాన్నే అధికారికంగా ఇంగ్లీషులో వాడాలని నిర్ణయించింది కూడా సరిగ్గా ఆ 1995 అక్టోబర్‌లోనే. ఒక అమెరికన్ పెట్టిన, విదేశీయులు చదివే పేపర్ మొదటి రోజు నుంచే మాస్ట్‌హెడ్ మీద, అంటే మొదటి పేజీ పైన పేపర్ పేరు ఉండేచోట, ఆ కొత్త స్పెల్లింగ్ పెట్టుకుంది. అసోసియేటెడ్ ప్రెస్, బీబీసీ, న్యూయార్క్ టైమ్స్ లాంటి పెద్దవాళ్ళు ఆ పని చేసింది 2019లో, అంటే 24 ఏళ్ళ తర్వాత! ఊరి పేరు ఎవరి నోటితో పలకాలి అన్నది చిన్న విషయం కాదు, రాజమండ్రి రాజమహేంద్రవరం అయినప్పుడు మనమూ ఎంత మాట్లాడుకున్నామో తెలుసు కదా, అక్కడైతే అది ఏకంగా దేశం ఉనికి విషయం.

మొదట్లో రాసేవాళ్ళు అమెరికన్లు, కెనడియన్లు, బ్రిటిష్ వాళ్ళు. మెల్లమెల్లగా యుక్రెయిన్ పిల్లలు వచ్చారు, ఇంగ్లీషులో రాయడం నేర్చుకున్నారు, తర్వాత తర్వాత న్యూస్‌రూమ్‌లో వాళ్ళే ఎక్కువైపోయారు. ఈ మార్పే నాకు ఈ కథలో అన్నిటికన్నా ముఖ్యం అనిపిస్తుంది, ఎందుకంటే బయటివాళ్ళ కోసం పెట్టిన పేపర్ అలా అలా లోపలివాళ్ళ గొంతు అయిపోయింది. 2000లో గోంగాద్జే అనే జర్నలిస్టుని ఎత్తుకుపోయి చంపేసి తల లేని శవాన్ని అడవిలో పడేశారు, దేశం అట్టుడికిపోయింది. 2004లో ఎన్నికల్లో మోసం జరిగిందని జనం వీధుల్లోకి వచ్చిన ఆరెంజ్ రివల్యూషన్. ఇవన్నీ బయట ప్రపంచానికి ఇంగ్లీషులో దగ్గరుండి చెప్పేవాళ్ళు చాలా తక్కువ. పెద్ద టీవీ చానల్స్ అన్నీ కోటీశ్వరుల చేతుల్లో, మన దగ్గర ఏ చానల్ ఎవరిదో పిల్లాడిని అడిగినా చెప్తాడు చూడండి, అక్కడా అంతే. ఈ పేపర్ సర్క్యులేషన్ ఆ చానల్స్ ముందు ఏ మూలకి? కానీ చదివేవాళ్ళు ఎవరు? రాయబారులు, అప్పులిచ్చేవాళ్ళు, పెట్టుబడులు పెట్టేవాళ్ళు, విదేశీ విలేకరులు. అందుకే యుక్రెయినియన్‌లో వస్తే పట్టించుకోని వార్త ఇంగ్లీషులో వస్తే పెద్దవాళ్ళకి గుచ్చుకునేది.

గుచ్చుకుంటే ఏం చేస్తారో 2010లో తెలిసొచ్చింది. దిమిత్రో ఫిర్తాష్ అని గ్యాస్ వ్యాపారంలో బిలియనీర్, ఆయన మీద వచ్చిన ఒక ఆర్టికల్ గురించి లండన్ కోర్టులో పరువునష్టం దావా వేశాడు. పేపర్ కీవ్‌లోది, ఆయనది యుక్రెయిన్, గొడవ యుక్రెయిన్ గ్యాస్ గురించి, మరి లండన్ ఎందుకంటే అక్కడి చట్టం అప్పట్లో దావా వేసినవాడికే బాగా అనుకూలం, పైగా ఇంగ్లీషు పేపర్ నెట్‌లో లండన్‌లో కూడా ఓపెన్ అవుతుంది కదా. అక్కడ లాయర్ ఫీజులకే ఇలాంటి చిన్న పేపర్ అమ్ముడుపోతుంది. వాళ్ళేం చేశారంటే ఆ డిసెంబర్‌లో బ్రిటన్ నుంచి తమ వెబ్‌సైట్ ఎవరికీ ఓపెన్ కాకుండా బ్లాక్ చేసేశారు, మీ చట్టానికి ఇదే మా నిరసన అని. 2011 ఫిబ్రవరిలో లండన్ కోర్టు ఈ కేసుకీ ఇంగ్లండ్‌కీ చెప్పుకోదగ్గ సంబంధమే లేదని కొట్టేసింది. నాకైతే ఆ బ్లాక్ చేయడం భలే తెగింపు అనిపించింది, సొంత పాఠకులని పోగొట్టుకుని మరీ చేశారు.

అప్పటికే యజమాని మారిపోయాడు. 2008 ఆర్థిక సంక్షోభంలో యుక్రెయిన్ కరెన్సీ హ్రివ్నియా డాలర్‌కి 5 నుంచి 8 దాకా పడిపోయింది, ప్రకటనలు పడిపోయాయి, సండెన్ 2009లో పేపర్‌ని మహ్మద్ జహూర్‌కి అమ్మేశాడు. ఈయన కథ కూడా ఆసక్తిగానే ఉంటుంది, పుట్టింది కరాచీలో, 1970ల్లో స్టూడెంట్‌గా తూర్పు యుక్రెయిన్‌లోని దొనెత్స్క్ వెళ్ళి మెటలర్జీ చదువుకున్నాడు, తర్వాత ఉక్కు వ్యాపారంలో కోట్లు సంపాదించాడు, బ్రిటిష్ పౌరుడు. మనవాళ్ళు మెడిసిన్‌కి వెళ్ళినట్టే ఆయనా చదువుకే వెళ్ళాడన్నమాట.

2011 ఏప్రిల్‌లో అసలు గొడవ. వ్యవసాయ మంత్రి మికోలా ప్రిస్యాజ్నియుక్‌ని పేపర్ వాళ్ళు ఇంటర్వ్యూ చేశారు, ధాన్యం ఎగుమతుల్లో ఎవరికి లాభం చేకూరుస్తున్నారని గట్టిగా అడిగారు. అది వేయొద్దని యజమాని వైపు నుంచి మాట వచ్చిందని, వినకుండా వేసినందుకే తనని తీసేశారని ఎడిటర్ బ్రయన్ బోనర్ చెప్పాడు, జహూర్ మాత్రం సెన్సార్‌షిప్ లాంటిదేం లేదన్నాడు. న్యూస్‌రూమ్ మొత్తం పెన్ను కింద పెట్టేసింది. ఎడిటర్ వచ్చేదాకా రాయం అని కూర్చున్నారు. కొద్ది రోజుల్లోనే యజమాని వెనక్కి తగ్గాల్సి వచ్చింది, బోనర్ మళ్ళీ లోపలికి వచ్చాడు, ముందు నలుగురు ఎడిటర్లలో ఒకడిగా, తర్వాత మళ్ళీ చీఫ్ ఎడిటర్‌గా. దాని తర్వాత ఇంకో ఏడేళ్ళు జహూర్ దగ్గరే నడిచింది, 2013–14లో అధ్యక్షుడికి వ్యతిరేకంగా కీవ్ నడిబొడ్డున జరిగిన మైదాన్ ఉద్యమం, కాల్పులు, క్రిమియా రష్యా చేతికి పోవడం, తూర్పున డాన్‌బాస్ ప్రాంతంలో యుద్ధం అన్నీ ఆ పేపర్ రోజురోజూ రాసింది, 2014లో అమెరికాలోని మిస్సోరీ జర్నలిజం స్కూల్ వాళ్ళు గౌరవ పతకం ఇచ్చారు. కానీ యుద్ధమొస్తే విదేశీయులు ఉంటారా, వెళ్ళిపోయారు, వాళ్ళతోపాటే ప్రకటనలూ. ఇక పేపర్ నిలబడింది యజమాని జేబు మీదే.

ఇదే అసలు మెలిక. ప్రకటనల డబ్బుతో నడిచినంతకాలం న్యూస్‌రూమ్ మాట చెల్లింది, ఎప్పుడైతే ఒక మనిషి నెలనెలా నష్టం పూడ్చడం మొదలైందో అప్పటినుంచి స్వతంత్రం అనేది ఆయన మంచితనం మీద ఆధారపడ్డ వస్తువు అయిపోయింది.

2018 మార్చిలో పేపర్ మళ్ళీ చేతులు మారింది. కొన్నది అద్నాన్ కివాన్, సిరియాలో పుట్టి ఒడెసాలో స్థిరపడిన బిల్డర్. రాతల్లో వేలు పెట్టను అని మాటిచ్చాడు, మూడేళ్ళకు పైగా ఆ మాట నిలబెట్టుకున్నాడు కూడా, అది ఒప్పుకోవాలి. 2021 అక్టోబర్‌లో ఉన్నట్టుండి యుక్రెయినియన్ భాషలో ఎడిషన్ తెస్తున్నాం, దానికి ఎడిటర్ ఈవిడ అని ఒడెసాలో కివాన్ సొంత టీవీ చానల్‌లో పనిచేసిన ఆవిణ్ణి ప్రకటించారు, న్యూస్‌రూమ్‌ని ఒక్క మాట కూడా అడగలేదు. మా పేరు వాడుకుని మాకు తెలియని ఇంకో న్యూస్‌రూమ్ పెడితే మా గతేంటి అని స్టాఫ్ అడ్డం తిరిగారు. నవంబర్ 8న పేపర్ కొంతకాలం ఆపేస్తున్నాం అని ప్రకటన, సుమారు 50 మంది ఒక్కసారిగా రోడ్డు మీద. అధ్యక్షుడి ఆఫీసు నుంచి కివాన్ మీద ఒత్తిడి వచ్చిందన్న మాట అప్పట్లో బాగా వినిపించింది, అయితే అది నిరూపణ అయిన విషయం కాదు. పేపర్‌ని ఇంకెవరికైనా అమ్మండి, లేకపోతే ఆ పేరైనా మాకివ్వండి అని స్టాఫ్ అడిగారు. ఇవ్వలేదు.

కీవ్ పోస్ట్ మాస్ట్‌హెడ్ మీద ఏళ్ళ తరబడి మూడు ఇంగ్లీషు మాటలు ఉండేవి, స్వతంత్రం, సమాజం, నమ్మకం అనే అర్థంలో. ఆ మూడింట్లో మొదటి మాటే కొత్త పేపర్ పేరులోకి వచ్చింది. మూతపడ్డ వారంలోపే సుమారు 30 మంది కలిసి కీవ్ ఇండిపెండెంట్ ప్రకటించారు, ఎడిటర్‌గా అదే పేపర్‌లో పెరిగిన ఒల్హా రుదెంకో, వాటా ఉద్యోగులకి కూడా ఉండేలా, డబ్బు పాఠకుల చందాల నుంచి వచ్చేలా ఏర్పాటు చేసుకున్నారు. ఈసారి పబ్ తలుపు పక్కన స్టాండ్ లేదు, ఊళ్ళో విదేశీయులు ఉన్నారా పోయారా అన్న లెక్క లేదు, చదివేవాళ్ళు ఏ దేశంలో ఉన్నా సరే నెలకి కాస్త ఇస్తారు. ఒకే యజమాని జేబు మీద బతికితే ఏమవుతుందో చూశాక ఇంకో దారి కూడా లేదు వాళ్ళకి. అటుపక్క కీవ్ పోస్ట్ కూడా కొత్త టీమ్‌తో డిసెంబర్‌కల్లా మళ్ళీ మొదలైంది, యుద్ధం వార్తలు వాళ్ళూ రాశారు, ఇప్పటికీ రాస్తున్నారు, కొత్తగా చేరినవాళ్ళని తప్పుపట్టాలని నాకు లేదు. కివాన్ 2024లో చనిపోయారు.

మిగతా పాత పేపర్ల సంగతి చూస్తే, ప్రాగ్ పోస్ట్ ప్రింట్ 2013లో ఆగిపోయింది, సెయింట్ పీటర్స్‌బర్గ్‌ది 2014లో మూతపడింది, మాస్కో టైమ్స్ 2017లో ప్రింట్ ఆపేసి, యుద్ధం మొదలయ్యాక ఆమ్‌స్టర్‌డామ్ వెళ్ళిపోయింది, 2024లో రష్యా దాన్ని అవాంఛనీయ సంస్థ అని ముద్ర వేసింది.

కీవ్‌లో మాత్రం ఒక్క ఇంగ్లీషు పేపర్ ఉన్నచోట రెండయ్యాయి. నవంబర్‌లో ఉద్యోగం పోయిన పిల్లలే ఫిబ్రవరిలో సైరన్ల మధ్య కూర్చుని ఆ రెండు లైన్లు టైప్ చేశారు, కొద్ది వారాల్లో వాళ్ళని ట్విట్టర్‌లో పది లక్షల మందికి పైగా ఫాలో అయ్యారు, మే నెలలో రుదెంకో ఫొటో టైమ్ మ్యాగజైన్ కవర్ మీద వచ్చింది. మొదట్లో కీవ్ పోస్ట్‌ని ఎవరికోసం పెట్టారో ఆ విదేశీయులు అప్పటికి ఊరు ఖాళీ చేసేశారు. చదువుతున్నది మా ఆంటీ, ఆవిడ పక్కన కూర్చుని తెలుగులో చెప్తున్న నేను.