ఎల్‌పీ రికార్డులు కంప్యూటర్‌లోకి: అపోహలు - వాస్తవాలు

అపోహ: ముందు ఎలాగోలా రికార్డ్ చేసేస్తే చాలు, చప్పుళ్లన్నీ తర్వాత సాఫ్ట్‌వేర్ తీసేస్తుంది.

తీసేయదు. ఇది నమ్మి నష్టపోయినవాళ్లను చూసి చూసి బాధేస్తోంది. అక్కడక్కడ వచ్చే టిక్కు శబ్దాలను సాఫ్ట్‌వేర్ బాగానే తీస్తుంది. గాడిలో దుమ్ము వల్ల వచ్చే చిటపటలు, అరిగిన ముల్లు తెచ్చే గరగర మాత్రం పాటలో కలిసిపోయి ఉంటాయి. వాటిని గట్టిగా తీయబోతే గాయకుడి ఊపిరి, వయొలిన్ నాదం కూడా పోతాయి. ఒకాయన వాళ్ల నాన్నగారి రికార్డులన్నిటికీ నాయిస్ రిడక్షన్ దంచి కొట్టి, అసలు ఫైళ్లు డిలీట్ చేసి, రికార్డులు ఎవరికో ఇచ్చేశాక నా దగ్గరికొచ్చారు. ప్రతి పాటా నీళ్లలో మునిగి పాడినట్టే ఉంది. వాటిని బాగుచేసే దారే లేదు.

కాబట్టి ముందు రికార్డు శుభ్రం చేయండి. పైపై దుమ్ముకు కార్బన్ ఫైబర్ బ్రష్ చాలు, మురికి పట్టి ఉంటే డిస్టిల్డ్ వాటర్‌తో కడగాలి. పాత 78 ఆర్‌పీఎం షెల్లాక్ రికార్డులకు ఆల్కహాల్ తగలనివ్వకండి, కరిగిపోతాయి. ముల్లు అరిగితే మార్చండి. అరిగిన ముల్లు గాడినే చెక్కేస్తుంది.

రికార్డింగ్ లెవెల్ (శబ్దం ఎంత గట్టిగా రికార్డవుతుందో) కూడా తర్వాత సరిచేసుకునేది కాదు. సున్నా డీబీ (డెసిబెల్, డిజిటల్ రికార్డింగ్‌కు పై హద్దు) దాటిందంటే శబ్దపు కొసలు తెగిపోయినట్టే, అవి తిరిగి రావు. సాఫ్ట్‌వేర్‌లో రికార్డింగ్ 24 బిట్‌లో పెట్టి, పీక్ (అన్నిటికన్నా గట్టి శబ్దం) మైనస్ 6 డీబీ దాటకుండా చూడండి. లెవెల్ తక్కువైతే క్వాలిటీ పోతుందన్న టెన్షన్ వద్దు. 24 బిట్‌కు సిద్ధాంతపరంగా 144 డీబీ రేంజ్ (అతి చిన్న, అతి పెద్ద శబ్దాల మధ్య తేడా) ఉంది, ఎల్‌పీకి అందులో సగం ఉంటే గొప్ప.

ఫోనో ప్రియాంప్ (టర్న్‌టేబుల్, అంటే రికార్డ్ ప్లేయర్ సిగ్నల్‌ను పెంచి సరిచేసే పరికరం) అక్కర్లేదా? కావాలి. ఎల్‌పీ మీద గాడి కోసేటప్పుడే బేస్ తగ్గించి ట్రెబుల్ పెంచుతారు, ఫోనో ప్రియాంప్ దాన్ని తిరిగి సరిచేస్తుంది. మీ టర్న్‌టేబుల్‌లోనే అది ఉంటే రెండోది తగిలించకండి.

శాంప్లింగ్ రేటు (సెకనుకు శబ్దాన్ని ఎన్నిసార్లు కొలిచి దాస్తారో) 192 కిలోహెర్ట్జ్ అవసరం లేదు, 44.1 చాలు. దాచుకోవడానికి ఫ్లాక్ (క్వాలిటీ పోకుండా దాచే ఫైల్ రకం), ఫోన్‌లో వినడానికి దాన్నుంచి ఎంపీ3.

"ఒక్కటే రికార్డు మిగిలింది, ప్లే చేస్తే పాడవుతుందేమో" అని భయపడేవాళ్లకు: ముల్లు బాగుండి, అది రికార్డు మీద మోపే బరువు కార్ట్రిడ్జ్ (ముల్లు అమర్చి ఉండే భాగం) తయారీదారు చెప్పినంతే ఉంటే ఒక్కసారి ప్లే చేసినంత మాత్రాన ఏమీ కాదు. ముందు వేరే రికార్డు మీద అన్నీ సరిచూసుకుని, ఆ తర్వాతే దాన్ని పెట్టండి.